దిగుడుబావిలో ఆపిన ఆట

పారాయణం ఏ రోజుకారోజు ఎక్కడ ఆపాలో నాకు చిన్నప్పుడే నేర్పారు. శోకం ఉన్నచోట, ఎవరో చెరలోనో చీకట్లోనో ఉన్నచోట పుస్తకం మూయకూడదు. గొంతు ఎండిపోయినా ఇంకో నాలుగు శ్లోకాలు చదివి, శుభం దగ్గర ఆపి హారతి ఇవ్వాలి. ఇన్నేళ్లలో పారాయణంలో ఆ నియమం తప్పలేదు. ఆటలో తప్పాను.

సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో మా సత్సంగం ఆదివారం ఉదయం. ప్రసాదం అయ్యాక ముగ్గురం వెనక గదిలో ఉండిపోయి కథ ఆడుకునేవాళ్లం. కథ నేను నడిపేదాన్ని. మిగతా ఇద్దరూ చెరొక మనిషై, ఆ మనిషి ఏం చేస్తాడో, ఏమంటాడో చెప్పేవాళ్లు. ఎటూ తేలకపోతే పాచిక వేసేవాళ్లు. యాప్రాల్ నుంచి వచ్చే చెల్లి కథలో వైద్యురాలు. దగ్గర్లోనే జిరాక్స్ షాపు నడిపే అన్న, ఈత రాని పడవవాడు. మా స్తోత్రాల కాగితాలు ఆయన షాపులోనే తీయించేదాన్ని. అప్పుడే చాయ్ గ్లాసు కడిగి ఉంటే కాగితం ముట్టేవాడు కాదు. "చేతులు తడిగున్నయక్కా, నువ్వే పెట్టు," అనేవాడు.

ఒక ఆదివారం కథలో ఊరి దీపం దిగుడుబావిలో పడింది. తేవడానికి పడవవాడు దిగాడు. నడుం లోతు నీళ్లలో ఉండగా గడియారం చూశాను. సికింద్రాబాద్ స్టేషన్‌కెళ్లి ఎంఎంటీఎస్ రైలు అందుకోవాలి. మిగతాది వచ్చే వారం అన్నాను.

"ఏందక్కా, ఈత రానోన్ని బాయిల ఇడిసి పోతవా? వారం దినాలు నానాల్నా?"

"నానితే మెత్తబడతావులే అన్నా."

చెల్లి పడీ పడీ నవ్వింది.

మంగళవారం షాపులోనే ఆయన గుండె ఆగిపోయింది.

ఆత్మకు చలీ తడీ ఉండవని పదిమందికి చెప్పేదాన్ని నేను. అయినా బిందె నిండుతున్న చప్పుడు వింటే, నడుం లోతులో నిలబడి ఆయన నాకోసం చూస్తున్నట్టే ఉండేది. పైకి తెద్దామని ఒక్కదాన్నే నోటుబుక్కులో రాశాను. మెట్లెక్కించాను. ఎక్కాడు. నేను అనమన్నదే అన్నాడు. బతికుండగా ఆయన ఒక్కసారైనా అలా చేసి ఎరగడు. కథలో దొంగల నాయకుణ్ణి ఎదురు నిలిపితే "అన్నం తిన్నవా?" అని వాడి పక్కన కూచున్న మనిషి. మా ఇంటాయన ఫోన్‌లో ఆడే ఆటలో చచ్చినవాడు మీట నొక్కగానే లేస్తాడు, లేచి మళ్లీ అవే మాటలంటాడు. ఆయన అలా లేవడం నాకు వద్దు. నేను అనుకోని మాట ఒక్కటి ఆయన నోట వినాలి.

రెండు నెలలకు చెల్లే అడిగింది. "అక్కా, అన్నని గట్లనే ఉంచుతమా? ఆయన మాట నేను చెప్తా."

"పోయినవాళ్లను పిలవకూడదమ్మా."

"పిలుస్తలేను. బయటికి తీస్తున్న."

మళ్లీ అదే గదిలో కూచున్నాం. ఆయన్ని పైకి లాగడానికి మనసులో తాడు సిద్ధం చేసుకున్నాను. చెల్లి పాచిక వేసి, వంగి చూసింది.

"దీపం దొరికింది," అంది పడవవాడి మాటగా. "నేనైతే పైకొస్తలేను. నువ్వే జెర కిందికి రా అక్కా."

నడిపేదాన్ని, కథలో నాకంటూ పాత్ర లేదు. అయినా దిగాను. ఒక్కొక్క మెట్టూ గట్టిగా చెబుతూ దిగాను. నీళ్ల దగ్గరికొచ్చాక, "దీపం ఇవ్వన్నా," అన్నాను.

"చేతులు తడిగున్నయక్కా. నువ్వే తీస్కో."

చెల్లి ఆ షాపు గడప ఎన్నడూ తొక్కలేదు. ఆ మాట మా ఆటలో ఎన్నడూ రాలేదు.

తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన పైకి వచ్చాడా అని నేను అడగలేదు, చెల్లి చెప్పలేదు. దీపం దొరికింది, ఇది శుభమే అనుకుని హారతికి లేచాను. పళ్లెం పట్టుకునే ముందు చేతులు కొంగుకు తుడుచుకున్నాను. పొడిగానే ఉన్నాయి. మళ్లీ తుడుచుకున్నాను.