లేతు మీద బొట్టు

మా పిండిమిల్లులో బెల్టు జారిపోతే మళ్ళీ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఒకరు మోటారు వైపు చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి, ఇంకొకరు రెండో చక్రం మీదకి బెల్టుని తోసి పట్టాలి. మా ఆయన పోయాక ఆ రెండో మనిషి మా తమ్ముడి కూతురే. తమ్ముడికి ముగ్గురు ఆడపిల్లలు, నాకు పిల్లల్లేరు. వాళ్ళలో నడిపిది నా దగ్గరే ఉండిపోయింది. పెంపకానికి ఇచ్చామని గానీ తీసుకున్నామని గానీ ఎవరూ అనుకోలేదు. పాలు మానిన దగ్గర్నుంచి ఇక్కడే తిని ఇక్కడే పడుకుంది, అంతే.

చీపురుపల్లి సంతకి వచ్చేవాళ్ళు మిరపకాయలు, చోళ్ళు, బియ్యం మా దగ్గర ఆడించుకునేవారు. డబ్బాలు వదిలేసి సంతలోకి పోయేవారు. ఏ డబ్బా ఎవరిదో తెలీక తగువులయ్యేవి. అందుకని నలభై దాటాక సాయంకాలం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. డబ్బాల మీద పేర్లు చదవడానికి వచ్చిన చదువుతో ఇది రాస్తున్నాను, ఇందులో సొగసులు వెతక్కండి.

పిల్లకి ఇంటరు అయ్యింది, ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మెకానికల్ చదువుతానంది. మా తమ్ముడు మిల్లుకొచ్చి నామీద పడ్డాడు. అక్కని మా వైపు అప్పా అంటారు.

"నువ్వే పాడుసేసినావప్పా దాన్ని. ఏసీ గదిలో కూకునే సదువు ఒగ్గీసి ఇనుం కొట్టుకుంటానంటాది, ఏటిది?"

ఏసీ నీకు కావాలంటే నువ్వెళ్ళి కూచో, దాన్నెందుకు తోస్తావు అన్నాను. అలిగి, టీ తాగకుండా పోయాడు.

పిల్లకి ఒకటే పట్టు. బోర్డు మీద మిషను బొమ్మ గీసి చూపించే కాలేజీ వద్దు, మిషను ముట్టుకోనిచ్చే కాలేజీ కావాలి. మా చుట్టుపక్కల ఆ చదువు చదివొచ్చిన కుర్రాళ్ళని ఒక్కొక్కడినీ పట్టుకుని అడిగింది, అక్కడ మీరు లేతు నడిపారా అని. ఒకడు నవ్వి, పరీక్ష రోజు దూరంగా నిలబెట్టి చూపించారని చెప్పాడట. లేతంటే ఇనపకడ్డీని గిరగిరా తిప్పుతూ చెక్కే మిషను, ఆ చదువుకి అది పొయ్యిలాంటిదని నాకు చెప్పింది. పొయ్యి ముట్టించకుండా వంట నేర్పేవాళ్ళుంటారా అని అడిగాను. "శానామంది ఉన్నారత్తా," అంది.

నా పట్టు వేరు. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రం దిగిపోయే కాలేజీ కావాలి నాకు. ఆ ముక్క పైకి అనలేదు. హాస్టలు తిండి పడదని, దూరపు ఊళ్ళలో ఎండలు ఎక్కువని, ఏవో చెప్పాను.

విజయనగరం పోయే రోడ్డు పక్కన అప్పటికి కొత్తగా లేచిన కాలేజీ ఒకటుండేది. ముందు అది చూద్దామని బయల్దేరాం. గేటు ముందే బస్సాగింది. లోపల పచ్చగడ్డి, నీళ్ళు చిమ్మే కుండీ, మెడకి టై కట్టుకున్న ఒకాయన. మమ్మల్ని కూచోబెట్టి చల్లటి మజ్జిగ ఇప్పించాడు, అమ్మగారూ అమ్మగారూ అంటూ అన్ని గదులూ తిప్పాడు. వర్క్‌షాపు చూపించమని పిల్ల అడిగితే, తాళంచెవి కోసం మనుషుల్ని పంపి, కాసేపటికి తెరిపించాడు.

ఆకుపచ్చ రంగేసిన లేతులు వరసగా ఉన్నాయి. నేల అద్దంలా ఉంది. ఒక్కో మిషనుకీ పసుపు రాసి, చేత్తో పట్టుకు తిప్పే పిడి మీద కుంకుమబొట్టు పెట్టారు. ఎండిన బంతిపూల దండ ఒకటి ఇంకా వేలాడుతోంది. నా మనసు నిండిపోయింది. మా మిల్లులోనూ దసరాకి మోటారుకీ రాళ్ళకీ అలాగే చేస్తాం. ఇనుమంటే భయభక్తులున్న చోటు ఇది, పిల్లకేమీ కాదు అనుకున్నాను. ఆ పిడిని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. టై ఆయన కూడా మొహమాటానికి ఒక దండం పెట్టాడు. పిల్ల మాత్రం ఒక్కో మిషను దగ్గరా ఆగి, వంగి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచింది.

తిరుగు బస్సులో నేనే మాట్లాడాను. క్యారేజీలో ఏం పెట్టాలో, వానాకాలం ఏ బస్సుకి రావాలో, అన్నీ చెప్పేశాను. మర్నాడు మిల్లుకొచ్చిన ప్రతివాళ్ళకీ కాలేజీ ఖాయమైపోయిందని చెప్పాను. తమ్ముడు కూడా, ఏ చదువైతేనేం ఇంటికొస్తుంది కదా అని మెత్తబడ్డాడు.

కొన్నాళ్ళు పోయాక ఒక మధ్యాహ్నం, మిల్లు ఆపి రాళ్ళ చుట్టూ పిండి తుడుస్తూ పిల్ల అడిగింది.

"అత్తా, దసరాకి మన మోటారుకి ఎట్టిన బొట్టు ఎన్నాళ్ళుంటాది?"

"ఎన్నాళ్ళేటే? ఆడిస్తే సెయ్యి తగిలి మర్నాడే పోతాది."

"ఆళ్ళదీ దసరా బొట్టే. ఇప్పుడు ఆషాడం."

నిజమే, చెయ్యి పెట్టి తిప్పే పిడి మీదే ఉంది ఆ బొట్టు. దసరా నుంచీ దాన్ని ఒక్క చెయ్యీ పట్టుకోలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి మిల్లులోనే బతికినదాన్ని, నాకు తోచలేదు. గేటు ముందు బస్సాగుతుందన్నది తప్ప ఆ రోజు నా కంటికి ఇంకేమీ ఆనలేదు.

అక్కడే చెప్పలేకపోయావా అన్నాను. "నువ్వు కళ్ళకద్దుకుంటన్నావు కదా, ఏటి సెప్పమంటావు," అంది. కోపంగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

ఆ తర్వాత దాని మాస్టారొకాయన ఇంకో కాలేజీ సంగతి చెప్పాడు. గవర్నమెంటుది, పాతది. గోదావరి దాటి, కృష్ణ దాటి, ఇంకా కిందకి పోవాలి. అక్కడ మొదటి ఏడాదే పిల్లలు ఆకురాయితో ఇనుము రాస్తారట, కొలిమి దగ్గర నిలబడతారట. నేను రానంటే పిల్ల మానేసేది. అది నాకు తెలుసు. తెలిసే రైలెక్కాను.

ఆ కాలేజీకి అందమేమీ లేదు. గోడలు పెచ్చులూడిపోయి ఉన్నాయి. మజ్జిగిచ్చిన వాళ్ళు లేరు, ఎందుకొచ్చారని అడిగిన వాళ్ళూ లేరు. వర్క్‌షాపు ఎక్కడో చెప్పక్కర్లేకుండా చప్పుడే దారి చూపించింది. లోపల నేలంతా నూనె మరకలు, కాలికింద ఇనప రజను. మగపిల్లలూ ఆడపిల్లలూ అందరి గోళ్ళూ నల్లగా ఉన్నాయి. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి అక్కణ్ణుంచే గద్దించాడు, పైట చెంగు దోపుకోమని, లేకపోతే బయట నిలబడమని. మా మిల్లుకొచ్చే ఆడవాళ్ళని నేనూ అలాగే గద్దిస్తాను. నన్ను ఆ మాట అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. దోపుకున్నాను.

పిల్ల ఆయన్ని ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. వాళ్ళ మాటల్లో సగం ఇంగ్లీషు, మిగతా సగం చప్పుడు తినేసింది. ఒక ఇనపముక్క మరలో బిగించి, ఆకురాయి పిల్ల చేతికిచ్చాడు. అది చెప్పులు సర్దుకుని నిలబడి రాయడం మొదలెట్టింది. కాసేపు చూశాను. అడ్డంగా ఉన్నానని ఒకమ్మాయి పక్కకి జరగమంది, జరిగాను. మళ్ళీ ఎవరో జరగమన్నారు. బయటకొచ్చి గోడ నీడలో కూచున్నాను.

ఎండ నీడలోకి వచ్చేసింది. పిల్ల రాలేదు. తెచ్చిన పులిహోర పొట్లం విప్పి, దానికోసం ఆగి, మళ్ళీ కట్టేశాను. అటుగా పోయే వాళ్ళ మాట మా మాటలా లేదు. ఒకామె ఎవరి కోసమని అడిగితే, మా పిల్ల కోసం అన్నాను. ఏ సంవత్సరం చదువుతోంది అంది. ఇంకా చేరలేదని చెప్పాలనిపించలేదు.

చివరికి వచ్చింది. మోచేతుల దాకా నలుపు, మొహమంతా నవ్వు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, ఈవిడ ఇక్కడెందుకుందా అన్నట్టు. వెంటనే "అయ్యో అత్తా, తిన్నావా?" అంది. తిన్నానన్నాను. ఆ ఒక్క క్షణం మాత్రం నేను చూసేశాను.

కాలేజీలు ఎంచుకునే రోజున చీపురుపల్లిలో నెట్ సెంటరుకి పోయాం. ఏ కాలేజీ ముందు కావాలో వరసగా నెంబర్లు వెయ్యాలట. ముందు వేసినది దొరికితే అదే ఇస్తారట, ఇంక కిందవి చూడరట. పిల్ల ర్యాంకుకి ఆ రెండూ వస్తాయని సెంటరు కుర్రాడు చెప్పాడు. తమ్ముడు వెనక నిలబడి, దగ్గరది ముందు వెయ్యమని రెండుసార్లు అన్నాడు. పిల్ల చెయ్యి మౌసు మీద ఉంది. తెర మీద అంతా ఇంగ్లీషు, నాకు ఒక్క ముక్క కూడా రాదు.

అది వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అత్తా, దగ్గరది ముందెయ్యనా?"

నేను ఊ అంటే వేసేసేది. నాలుగేళ్ళు ఆ బస్సు దిగి ఇంటికొచ్చేది. నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు.

"దాన్ని అసలెయ్యకు," అన్నాను.

తమ్ముడు అప్పా అన్నాడు. కిందైనా ఉంచుకోండి, మంచిదే కదా అన్నాడు సెంటరు కుర్రాడు. వద్దన్నాను. మిషన్లు నడిపించే కాలేజీలు ఇంకా ఏమున్నాయో అవి వెయ్యమన్నాను, ఎంత దూరమైనా సరే. పిల్ల వేసింది. అంతసేపూ నా వైపు తిరగలేదు. దాని మెడ వెనక చెమట పట్టి ఉంది, పైటతో తుడుద్దామనుకుని మానేశాను.

చేరిన కొత్తలో ప్రతి ఆదివారం ఫోను చేసేది. ఇనపముక్కని నాలుగు పక్కలా సమంగా రాయడం నేర్పుతున్నారట. రాసింది చూపిస్తే ఖాకీ చొక్కా ఆయన మూలమట్టం ఆనించి, సందులోంచి వెలుతురు కనబడుతోందని వెనక్కి పంపేస్తాడట. అరచేతులు బొబ్బలెక్కాయంది.

"కొబ్బరినూనె రాసుకోవే."

"రాస్తే ఆకురాయి జారిపోతాదత్తా."

చేతులకి ఏం చెయ్యాలో నాకు తెలిసింది అదొక్కటే. తిన్నావా అన్నాను, తిన్నానంది. మీ నాన్న బాగున్నాడన్నాను, నిన్న మాట్లాడానంది. దాని వెనక ఎవరో ఆడపిల్లలు నవ్వుతున్నారు, తొందరగా రమ్మని పిలుస్తున్నారు.

"ఎట్టీనా అత్తా?"

"ఎట్టీ."

పెట్టేసింది. నేను ఫోను చెవికి అలాగే పెట్టుకుని ఇంకాసేపు కూచున్నాను.