ఇంగ్లీషులో దిష్టి

రేపు విశాఖలో మా పాపకి స్కూల్ ఇంటర్వ్యూ. ఈ సాయంత్రం రైల్లో ఎదుటి సీట్లో ఉన్న పిల్లని చూపించి, ‘షి ఈజ్ టాలర్ దేన్ మీ’ అంది పాప. అందరూ అలాగే అంటారు. అయినా ఇంటర్వ్యూలో తప్పంటారేమోనని నాకు కంగారు. ‘దేన్ ఐ’ అనమని పదేపదే చెప్పించబోతే పాప బిగుసుకుపోయి, మాటే మానేసింది.

దువ్వాడ దాటుతుండగా ఆ పిల్ల తల్లి కూతురి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది.

‘పిల్లల్ని అలాగ కొలవకమ్మా, దిష్టి తగులుతాది.’

‘ఇంగ్లీషు నేర్పిస్తున్నానండీ.’

‘అయితే ఏటి? ఇంగ్లీషులో దిష్టి తగల్దా?’ అని నవ్వి, మా పాపకీ దిష్టి తీసింది.

పాప చటుక్కున సీటెక్కి నిలబడి, ‘నౌ షి ఈజ్ షార్టర్ దేన్ మీ!’ అని అరిచింది.

ఈసారి నేను దిద్దలేదు. ఇప్పుడు విశాఖలో పాప నిద్రపోయింది, నాకే నిద్ర రావట్లేదు. రేపు ‘మీ’ అన్నా ‘ఐ’ అన్నా సరే, పాప నోరు విప్పితే చాలు.