మండుటెండలో రెయిన్‌కోటు

మా మాస్టర్ నన్ను యూరియా బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాడు. సూర్యాపేటలో మా తైక్వాండో క్లబ్బుకు సొంతంగా తూకం యంత్రం ఉండేది కాదు. పోటీలు దగ్గర పడితే ఆయన మమ్మల్నందరినీ తన దోస్తు ఎరువుల దుకాణానికి తోలుకుపోయి, చెప్పులు విప్పించి, ఒక్కొక్కరినీ కాంటా ఎక్కించేవాడు. ఆ రోజు దుకాణం ఆయన కళ్లజోడు సవరించుకుని అంకె చదివి, "బస్తా కన్న జర ఎక్కువనే ఉన్నది సార్ ఈ పిల్ల" అన్నాడు. పిల్లలందరూ పకపకా నవ్వారు. మాస్టర్ నవ్వలేదు. "బస్తా కన్న తక్కువ తూగాలె. నేను దింపుత" అన్నాడు, నాతో కాదు, దుకాణం ఆయనతో.

తైక్వాండో అంటే తెలియని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కొరియా వాళ్ల విద్య, కాళ్లతో తన్నుకునే ఆట. బరువును బట్టి గుంపులు చేస్తారు. ఒక గుంపులో ఉన్న వాళ్లు ఆ గుంపు వాళ్లతోనే తలపడాలి. అందుకని ప్రతి మాస్టరూ తన పిల్లలను నాలుగు రోజులు మాడ్చి, కాస్త బరువు దించి, కింది గుంపులో నిలబెట్టాలని చూస్తాడు. అక్కడ మన కన్నా బక్క పిల్లలు దొరుకుతారని ఆశ. అవతలి మాస్టరూ అదే పని చేస్తాడు కాబట్టి చివరికి ఎండిపోయిన పిల్లలూ ఎండిపోయిన పిల్లలూ తన్నుకుంటారు. దీన్నే మా వాళ్లు క్రమశిక్షణ అంటారు.

నాకు బక్క పిల్లలు అక్కర్లేదు. నాకు కావలసింది కోదాడ పిల్ల.

అంతకు ముందు ఏడు సూర్యాపేటలో జరిగిన పోటీల్లో ఆ పిల్ల నా మూతి మీద తన్నింది. పై పెదవి చీలింది. మా అమ్మ ఆ రోజే మొదటిసారి నా ఆట చూడడానికి వచ్చింది, పెన్‌పహాడ్‌లో పత్తి ఏరే కూలి మానుకుని మరీ. నా నోట్లోంచి నెత్తురు కారడం చూసి చెప్పులతోనే మ్యాట్ మీదికి ఉరికివచ్చింది. రిఫరీ ఆపబోతే "నువ్వు జరుగయ్యా, నీ బిడ్డయితే గిట్లనే నిలబడి సూస్తవా?" అని అరిచింది. హాలంతా నవ్వింది. కోదాడ పిల్ల మాత్రం నవ్వలేదు, వచ్చి నా తలకు కట్టిన గార్డు విప్పింది. దెబ్బ కన్నా ఆ జాలే నాకు ఎక్కువ మండింది.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో అమ్మ నా పెదవికి కొంగు అదిమిపట్టి తీర్పు చెప్పేసింది. "ఇంటర్ అయ్యేదాక ఆడుకో. ఇంకొక్కపారి పోటీకి పో. ఆ తర్వాత ఈ తన్నుకునుడు బంద్." మా అమ్మ మాట అంటే మాటే. అంటే నాకు మిగిలింది ఒక్క పోటీ. ఏడాదంతా ఇంటి వెనక గోడకు పాత పరుపు కట్టి, వెనక్కి తిరిగి మడమతో తన్నే తన్ను ఒక్కటే నేర్చుకున్నాను. గోడ మీద సున్నం రాలింది, మడమ మీద చర్మం రాలింది. పతకం మీద నాకు పెద్ద మోజు లేదు. ఆ పిల్ల పొట్ట మీద ఒక్క మంచి తన్ను, అదీ అందరూ చూస్తుండగా తన్నాలి. అంతే నా కోరిక.

ఈ సంగతి మాస్టర్‌కు తెలుసు. తెలుసు కాబట్టే దుకాణం బయటికి రాగానే నన్ను పక్కకు పిలిచి, "ఆ కోదాడ పిల్ల కింది వెయిట్‌కు దిగుతున్నది. వాళ్ల మాస్టరే చెప్పిండు. నువ్వు దిగకపోతే ఆమె నీకు దొరకదు. ఇగ నీ ఇష్టం" అన్నాడు.

ఇక నా ఇష్టమేముంది! రాయి కట్టుకుని బావిలో దూకమన్నా దూకేదాన్ని.

మొదట ఉప్పు బంద్ అన్నాడు. తర్వాత అన్నం బంద్. చివరికి నీళ్లు. ఏప్రిల్ ఎండలో, సూర్యాపేట రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకునే వేళ, నా చేత లోపల స్వెట్టర్, పైన ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగించి కాలేజీ గ్రౌండు చుట్టూ ఉరికించాడు. ఆయన వేపచెట్టు కింద బండి మీద కూర్చుని చెరుకు రసం తాగుతూ చూసేవాడు. ఐసు ముక్క కటుక్కున కొరికిన చప్పుడు నాకు గ్రౌండు అవతలికి కూడా వినిపించేది, లేదా వినిపించినట్టు అనిపించేది. పండ్లు అమ్మే ముసలమ్మ ఒకామె గేటు దగ్గర నన్ను చూసి, "ఏందే బిడ్డా, ఆన ఏడున్నదని గొంగడి కప్పుకున్నవ్?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నోట్లో తడి లేదు.

ఉన్న తడినీ ఉండనివ్వలేదు మాస్టర్. చింతకాయ బుగ్గన పెట్టుకోవాలి, ఊరిన నీళ్లు మింగకుండా సీసాలో ఉమ్మాలి. ఇది ఆయన కనిపెట్టిన విద్య కాదు, ఆయన మాస్టర్ ఆయనకు నేర్పింది. "నా గురువు నన్ను గిట్లనే తయారు జేసిండు" అని గొప్పగా చెప్పుకునేవాడు. అత్త కొట్టిన దెబ్బలన్నీ దాచుకుని కోడలికి తిరిగి పెట్టే ఆడవాళ్లను చూశాను గానీ, అదే పనికి నల్ల బెల్టు కట్టుకుని తిరిగే మగవాళ్లను అక్కడే చూశాను.

ఇంట్లో అమ్మకు పరీక్షల బెంగ అని చెప్పాను. అమ్మ గుడ్డు కూర చేసి కంచం ముందు పెట్టుకుని కూర్చునేది. "కండ్లు గుంటలు వడ్డయ్. కామెర్లు గిట్ల అయినయేమో, దవాఖానకు పోదాం" అనేది. ఆ కూర వాసనకు నాకు ఏడుపొచ్చేది. అమ్మ మీద ఊరికే కసురుకునేదాన్ని. ఆకలిగొన్న వాడికి ప్రేమ కూడా కోపమే తెప్పిస్తుందని అప్పుడే తెలిసింది.

మిర్యాలగూడలో సెలక్షన్స్, అంటే అమ్మ నాకు మిగిల్చిన ఆ ఒక్క పోటీ. అంతకు ముందు రోజు కోదాడలో సెమినార్. ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద మాస్టర్ ఒకాయన పిల్లలకు కొత్త తన్నులు నేర్పి పోయాడు. మధ్యాహ్నం తల్లిదండ్రులకు ఉపన్యాసం. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద 'యుద్ధవిద్య - ఆరోగ్యకరమైన అలవాట్లు' అని పెద్ద అక్షరాలు. ఆ అలవాట్ల గురించి చెప్పేది ఎవరనుకున్నారు? మా మాస్టరే.

చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, అచ్చం అదే. కూల్ డ్రింకులు ముట్టుకోవద్దన్నాడు. పొద్దున్నే లేవాలన్నాడు. పిల్లలను ఉపవాసాలు ఉంచకండి, ఎదిగే ఒంటికి తిండే మందు అన్నాడు. నేను వెనక వరసలో గోడకు ఆనుకుని, చేతిలో ఉమ్మి సీసా దుపట్టా కింద దాచుకుని వింటున్నాను. ఉన్నట్టుండి, "మా స్టూడెంట్‌నే అడుగుదాం. ఏ పిల్లా, పైకి రా" అని నా వైపు చెయ్యి చూపించాడు.

మెట్లు ఎక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. మైకు నా ముందు పెట్టి, "రోజు నీళ్లు ఎట్ల తాగుతవో పేరెంట్స్‌కు చెప్పు" అన్నాడు. ఆయన ముఖంలో వెటకారం కూడా లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది. తన పని తాను చేసుకుపోతున్న మనిషి ముఖం అది.

చెప్పాను. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లు, ప్రాక్టీసుకు ముందు కొంచెం, తర్వాత కొంచెం, దాహం కాకముందే తాగాలి అని క్లబ్బులో బట్టీ పట్టించినదంతా అప్పజెప్పాను. నాలుక అంగిలికి అతుక్కుని మాటలు ముద్దముద్దగా వచ్చాయి. స్టేజీ భయం అనుకున్నారు. చప్పట్లు బాగా కొట్టారు. ముందు వరసలో ఒకావిడ తన కొడుకు నెత్తి మీద మొట్టి, "చూడు, ఆ అక్క ఎంత బాగా చెప్తుందో!" అంది.

దిగి వచ్చేసరికి హాలు చివర మజ్జిగ పంచుతున్నారు. కోదాడ పిల్ల ఆ గంగాళం దగ్గరే నిలబడి వచ్చిన వాళ్లకు గ్లాసులు అందిస్తోంది. సొంత ఊరి పిల్ల కదా, మర్యాద చేస్తోంది. నా ముందే ఒక గ్లాసు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఇంకొకటి ముంచి నాకు అందించింది.

"తాగు. ముఖం పీక్కుపోయిందేంటి నీకు? జ్వరం వచ్చిందా?"

గ్లాసు మీద కరివేపాకు తేలుతోంది. చల్లదనానికి గ్లాసు బయట చెమ్మ పట్టింది. ఆ చెమ్మనైనా నాకాలనిపించింది. పోటీ పిల్లలతో మాట్లాడితే కాళ్లు ఇరగ్గొడతానని మాస్టర్ ముందే చెప్పి ఉన్నాడు. తల అడ్డంగా ఊపాను.

"మా ఊరి మజ్జిగ కూడా తాగవా? అంత కోపమా నా మీద?" అంది. ఆ పిల్లకు నిజంగానే మనసు నొచ్చింది. "సరేలే, రేపు మిర్యాలగూడలో చూసుకుందాం."

ఆమె మజ్జిగ తాగడం కళ్లారా చూశాను కదా, అప్పుడైనా అనుమానం రావద్దా? రాలేదు. ఈమెకు నోరు కట్టుకోకుండానే బరువు తగ్గుతుంది కాబోలు, దేవుడు కొందరికి అట్లా ఇస్తాడు అని కుళ్లుకున్నాను. దాహానికి నా బుద్ధి కూడా ఎండిపోయింది.

మిర్యాలగూడ పొద్దున్నే ఉడికిన వడ్ల వాసన కొడుతుంది. చుట్టూ రైసు మిల్లులే. మామూలుగా అయితే ముక్కు మూసుకునే వాసన. ఆ రోజు బస్సు దిగగానే ఆ ఆవిరిని నోరు తెరిచి పీల్చుకున్నాను. సెలక్షన్స్ పెట్టిన హాల్లో కాంటా కూడా ఏదో మిల్లు నుంచే తెచ్చినట్టున్నారు, పళ్లెం సందుల్లో తవుడు ఉంది. ఎక్కాను. కళ్లు మూసుకున్నాను. "ఓకే, దిగమ్మా" అన్నారు. బస్తా కన్నా తక్కువ తూగాను. మాస్టర్ నా వీపు తట్టి నీళ్ల సీసా ఇచ్చాడు. గబగబా తాగి, హాలు వెనక మురికి కాలువ పక్కన మొత్తం కక్కుకున్నాను. అయినా సంతోషమే. తిరిగి తన్నే తన్నుకు కాళ్లు సాగదీసుకుంటూ కూర్చున్నాను.

గోడ మీద ఎవరితో ఎవరు తలపడాలో రాసిన బౌట్ల కాగితం అంటించారు. నా గుంపు కింద నా పేరు ఒక్కటే ఉంది.

తప్పు అచ్చయిందనుకుని మళ్లీ చదివాను. పై గుంపులో, అంటే ఏడాదిగా నేను ఉన్న గుంపులో, కోదాడ పిల్ల పేరు ఉంది. ఆమె కిందికి దిగనే లేదు. దిగుతానని ఎవరితోనూ అననూ లేదు. ఉరికిపోయి మాస్టర్‌ను అడిగాను.

"సార్, నా వెయిట్‌ల ఎవరూ లేరు."

"ఉండరు. నాకెర్కనే" అన్నాడు. చేతిలో సమోసా ఉంది. "ఆడపిల్లలల్ల ఆ వెయిట్ ఎప్పుడు ఖాళీనే ఉంటది. పైనున్నవంటే ఆ పిల్ల చేతుల మల్ల తన్నులు తిందువు. గీడ ఒక్క తన్ను లేకుండ గోల్డ్ వచ్చె. ఎండాకాలం క్యాంపు ఫ్లెక్సీ మీద నీ ఫోటో వేస్త, పో."

"మరి ఆమె దిగుతున్నదని..."

"గట్ల అనకపోతే నువ్వు నీళ్లు మానేద్దువా?"

నాకు వచ్చిన కోపానికి ఆయన్ని అక్కడే తన్నాలి. ఏడాది నేర్చుకున్న తన్ను మడమలోనే ఉంది, ఎదురుగా పొట్ట కూడా ఉంది. కానీ మాస్టర్ ముందు నిలబడితే చేతులు వాటంతట అవే తొడలకు అంటుకుంటాయి, తల వంగుతుంది. చిన్నప్పటి నుంచి రోజూ వంగిన నడుము. వంగి దండం పెట్టాను. ఆయన తల ఊపి సమోసా తిన్నాడు.

కోదాడ పిల్ల తన బౌట్లన్నీ ఆడింది. నేను గోడ పక్కన కూర్చుని చూశాను. బాగా ఆడింది, ఎడమ పక్క ఎప్పటిలాగే ఖాళీగా వదిలింది. అక్కడ నా తన్ను ఎట్లా దిగేదో ప్రతిసారీ నా మడమకు తెలిసింది. ఆట అయ్యాక చెమటతో నా దగ్గరికి వచ్చింది.

"నా మీద భయంతో దిగిపోయావంట కదా. మీ మాస్టరే అందరికీ చెప్తున్నారు" అంది. ఎగతాళిగా కాదు, బాధగా అంది. "నేను ఈ ఏడాదంతా నీ కోసమే ప్రాక్టీస్ చేశాను తెలుసా?"

కాదు అని చెప్పబోయాను. మైకులో నా పేరు పిలిచారు. స్టేజీ మీద మూడు మెట్ల పీట వేశారు. నేను ఒక్కదాన్నే ఎక్కి పై మెట్టు మీద నిలబడ్డాను. అటు పక్కా ఎవరూ లేరు, ఇటు పక్కా ఎవరూ లేరు. ఎవరో గట్టిగా నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాను. అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పతకం వైపు చూడలేదు. ముందు నా గడ్డం పట్టుకుని పెదవులు వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత చేతులు, పక్కటెముకలు, మోకాళ్లు, పసిపిల్లను తడిమినట్టు ఒళ్లంతా తడిమింది.

"ఏడ తాకలేదా?"

"తాకలే."

"ఆ కోదాడ పిల్ల కొట్టలేదా నిన్ను?"

"ఎవరూ కొట్టలేదమ్మా. నేనూ ఎవర్నీ కొట్టలేదు."

అమ్మ అప్పుడు పతకం చేతిలోకి తీసుకుంది. రెండు పక్కలా తిప్పి చూసింది. ఆమె ముఖం అంత తేటగా నేను ఎన్నడూ చూడలేదు. కొంగుతో నా ముఖం తుడిచి నవ్వింది.

"గిట్ల ఆడేదుంటే నేనెందుకు బంద్ జెయ్యమంట బిడ్డా? ఎన్నేండ్లన్న ఆడుకో."