ఉలుపాకు నేను చెప్పిన అర్థం

ఒక మనిషి కలెక్టరు కాకుండా ఆపాలంటే పెద్ద కుట్రలేమీ అక్కర్లేదండి. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఒక పీజీ గది, ఒక పాత నిఘంటువు, నాలాంటి అతితెలివి ఆడపిల్ల ఉంటే చాలు. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేనూ సగం దాకా నవ్వగలను.

ఆ గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన స్వప్నా, అనంతపురం పద్మక్క. ముగ్గురం సివిల్స్‌కే చదువుతున్నాం. పద్మక్కకు అది ఆఖరి అటెంప్టు. మెయిన్స్ గట్టెక్కి ఇంటర్వ్యూ కోసం ఎదురు చూస్తోంది. దానికి పంపే ఫారంలో హాబీ రాయాలి. ఆరేళ్ళుగా పుస్తకం తప్ప ఏమీ ఎరగని మనిషికి హాబీ ఎక్కడినుంచి వస్తుంది? 'పాత తెలుగు మాటలు సేకరించడం' అని రాసేసింది. మా ఆట చూసి వచ్చిన ఆలోచన అది.

ఆట ఏమిటంటే, ఆదివారం సాయంత్రం ఒకరు నిఘంటువులోంచి ఎవరికీ తెలియని మాట తీస్తారు. దానికి అసలు అర్థం ఒకటి, అల్లిన అర్థం ఒకటి చెబుతారు. ఏది నిజమో మిగతావాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే చాయ్ వాళ్ళే పెట్టాలి. నేను ఆ గదిలో ఒక్కసారీ చాయ్ పెట్టి ఎరగను.

ఆ వారం నాకు 'ఉలుపా' దొరికింది. దాని అసలు అర్థం, ఊరికి వచ్చిన దొరలకూ అధికారులకూ ఊరివాళ్ళు ఉచితంగా ఇచ్చుకునే బియ్యం, పప్పు, నెయ్యి వగైరా. నేను ముందు దొంగ అర్థం ఎత్తుకున్నాను.

"కరువులో, నీళ్ళున్న ఇంటివాళ్ళు నీళ్ళు లేని ఇంటి గడపలో చెప్పకుండా పెట్టిపోయే కడవ."

"ఇదే నిజం. రెండోది చెప్పనే వద్దు" అంది పద్మక్క. కళ్ళలో నీళ్ళు. "మా అవ్వ ఇట్లనే పెడ్తాండెమే. దానికొక పేరుందని నాకు తెల్దు."

"నిజమేనా గది?" అంది స్వప్న అనుమానంగా.

"నిఘంటువు నేను రాశానా ఏం?" అన్నాను.

పద్మక్క అప్పటికే నోట్సులో రాసుకుని కింద ఎర్రగీత కొట్టేసింది. చెప్పేయొచ్చు కదా అంటారు. వరసగా రెండుసార్లు ప్రిలిమ్స్ తప్పినదాన్ని, నా మాట విని ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆ ముచ్చట చెడగొట్టబుద్ధి కాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఇంటర్వ్యూ దాకా రాలేదు.

ఇంటర్వ్యూ నుంచి పద్మక్క సంబరంగా వచ్చింది. "తెలుగాయన ఒకాయన ఉండె. నీకు బాగా నచ్చిన మాట చెప్పమన్నాడు. ఉలుపా అని చెప్పినా. అర్థం చెప్పబోతే, నాకు తెలుసులేమ్మా అన్నాడు."

"తర్వాత?" అన్నాను.

"కలెక్టరయితే ఏం చేస్తావంటే, ఊరూరా ఉలుపా మళ్ళా తెస్తా సార్ అన్నా. శానాసేపు నగినాడు. పక్కాయనకు ఇంగ్లీషులో చెప్పి ఆయన్ను గూడా నగించినాడు. బాగా పోయిందిమే."

చెరపకురా చెడేవు అంటారు. చెరిపింది నేను, చెడింది ఆవిడ. ఆ సామెత ఢిల్లీలో పనిచేయదు.

లిస్టులో పద్మక్క పేరు లేదు. తర్వాత మార్కులు చూస్తే ఇంటర్వ్యూ ఒక్కటే ముంచింది. గది ఖాళీ చేసిన రోజు ఆవిడ సూట్‌కేసు నేనే కిందికి మోశాను. ఈ-రిక్షాలో పెట్టాక ఇక ఆగలేకపోయాను.

"అక్కా, ఉలుపా అంటే అది కాదు. నేను అల్లాను."

"తెలుసులే. ఇంటర్వ్యూ అయిన మర్నాడే లైబ్రరీలో చూసినా."

"మరి నన్ను తిట్టలేదేం?"

"నీకు ప్రిలిమ్స్ దగ్గరికొచ్చినాయి. తిడితే ఏడుస్తా కూచుంటావు, చదవవు."

"దీదీ, చలేఁ?" అని తొందరపెట్టాడు రిక్షావాలా. పద్మక్క వెళ్ళిపోయింది.

ఆ ప్రిలిమ్స్ నేను పాసయ్యాను. ఆ తర్వాతవీ అయ్యాను. పద్మక్క గుత్తిలో ట్యూషన్లు చెబుతోందని స్వప్న చెప్పింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ మాటకూ అర్థం చెప్పను. ఆఫీసులో అడిగినా, ఇంట్లో అడిగినా, తెలిసిన మాటకు కూడా తెలియదనే అంటాను. పద్మక్క ఫోన్ చేసి అడిగితే మాత్రం ఒట్టు తీసి గట్టున పెట్టి, నిఘంటువు చూసి మరీ చెబుతాను. ఇంతవరకూ అడగలేదు.