కంచె సందులోంచి వచ్చిన లిల్లీ

మన్నెగూడ నర్సరీలో కొన్న మేకల ఎరువు సంచీ మూతి విప్పగానే, నిన్నటి వానకు తడిసిన మట్టివాసనతో కలిసి ఒక వెచ్చని ఘాటు ముఖానికి తగిలింది. మా ఆయన ముక్కు మూసుకుని లోపలికి పోయాడు. నేను మాత్రం లిల్లీ తొట్ల మధ్య అలాగే కూలబడి ఆ వాసనను హాయిగా పీల్చుకుంటూ ఉండిపోయాను. ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి పెరడు, దాని పొడవునా పెరిగిన అడ్డసరం కంచె, కంచె అవతల మేకను కట్టేసిన గుంజ ఒక్కొక్కటే ఆ వాసన వెంట నడిచొచ్చాయి.

మా అమ్మది మొండి చెట్ల తోట. ఎండాకాలంలో చేతిపంపు దగ్గర బిందెల వరుస వీధి మలుపు దాకా సాగే ఊళ్లో సుకుమారపు మొక్కలను ఎవరు సాకగలరు? బియ్యం కడిగిన నీళ్లు మందారానికి, గిన్నెలు కడిగినవి నందివర్ధనానికి, గోరింటకైతే అవి కూడా దక్కేవి కావు. అయినా రెండు జల్లులు పడ్డాయంటే చాలు, మోడుల్లా ఉన్నవన్నీ ఒక్కసారి చిగురు తొడిగి, పెరడంతా లేతాకుపచ్చ వెలుగులో తేలుతున్నట్టు ఉండేది. ఆషాఢంలో అమ్మ గోరింటాకు రుబ్బి నా చేతులకు పెట్టి, అది ఎండేదాకా మామిడికాయ తొక్కు నంచి పెరుగన్నం ముద్దలు తినిపించేది. మందారం నీడలో కచ్చకాయలాడుతూ, కొలను మీది పడవలో ఉన్నట్టు నేను ఏ ఊహల్లోనో కొట్టుకుపోయేదాన్ని.

అంత తోట ఉన్నా అమ్మ కళ్లు మాత్రం కంచె అవతలే ఉండేవి. పొరుగింటి పుల్లకూర రుచి కదా! ఆ పొరుగిల్లు మరియమ్మ పెద్దమ్మది. దవాఖానలో ఆయాగా పనిచేసే పెద్దమ్మ, అక్కడి తోటలోంచి తెచ్చిన నారింజరంగు లిల్లీలను కంచె పక్కన ఒక వరుసగా పెంచింది. పొద్దున విచ్చుకున్న పువ్వు పొద్దుగూకేసరికి ముడుచుకుపోయేది. మరునాడు దాని పక్కన ఇంకోటి.

మా వీధిలో మొక్కను అడగకూడదు, ఇవ్వకూడదు. అడిగి తెచ్చుకున్నది బతకదని, దొంగిలించిందే బతుకుతుందని అందరి నమ్మకం. అందుకే ఎవరైనా వచ్చి కొమ్మ వంక ఆశగా చూస్తే, ఇంటామె "పొయ్యి మీద పాలున్నయ్" అంటూ లోపలికి పోయేది. లేని పాలు పొంగేలోపు వచ్చినామె కొమ్మ విరుచుకుని వెళ్లిపోయేది. అమ్మ కూడా ఆ లిల్లీని అలాగే తెచ్చుకునేదే కాని, సరిగ్గా అప్పుడే మేక అడ్డం వచ్చింది.

బతుకమ్మ కోసం అమ్మ ముందునాడే ఏరి తెచ్చి అరుగు మీద పోసిన గునుగు, బంతి అంతా పెద్దమ్మ మేక కంచె సందులోంచి దూరి శుభ్రంగా మేసిపోయింది. తంగేడు మాత్రమే మిగిలింది. అమ్మ ఒక మాట అంది, పెద్దమ్మ రెండు అంది, చిలికి చిలికి గాలివాన అయింది. ఆ ఏడు బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మా ఇంటి మలీద ముద్దలు కంచె దాటలేదు. క్రిస్మస్‌కు పెద్దమ్మ పంపే అరిసెల పళ్లెం రాలేదు. పండుగనాడు అమ్మ ఊరికే పెరట్లోకి వచ్చి, కంచె వైపు చూసి, మళ్లీ లోపలికి పోయేది. చెల్లెళ్లు లేని పెద్దమ్మ, అక్కలు లేని మా అమ్మ. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోవాలని నేను మా దేవుడికీ, పెద్దమ్మ దేవుడికీ కూడా మొక్కుకున్నాను.

చలికాలపు మధ్యాహ్నం ఒకనాడు, పెద్దమ్మ డ్యూటీకి పోయిన వేళ, అమ్మ కంచె సందులో చేయి పెట్టి లిల్లీ దుంప ఒకటి పెరికేసింది. స్నానాల బండ పక్కన, మందారం నీడలో నాటింది. ఏ చెట్టుకూ చేయనంత గారాబం దానికి చేసి, పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు పోసింది. వానాకాలం వచ్చింది. ఆకులు ఏపుగా పెరిగాయి, పువ్వు జాడ లేదు. ఎవరిని అడుగుతుంది? దొంగకు తేలు కుట్టినట్టయింది అమ్మ పరిస్థితి.

అప్పుడొకనాడు కంచె అవతల నుంచి పెద్దమ్మ తన కోడిని గట్టిగా కోప్పడింది.

"ఏమే నల్లకోడీ! నీడకు వెట్టి దినాం నీళ్లు వోస్తె ఆకే వెరుగుతది గని, పువ్వెట్ల పూస్తదే?"

అమ్మ బిత్తరపోయింది. తర్వాత చేతిలోని బకెట్ వైపు తిరిగి, "ఇనవడ్డదా బకీటూ? ఎండకు వెట్టాల్నట!" అంది.

అలా మొదలై నెలల తరబడి కోడికీ బకెట్‌కూ మధ్య ముచ్చట్లు నడిచాయి. దుంపను లోతుగా పాతొద్దని పెద్దమ్మ కోడికి చెప్పేది, పెద్దమ్మకు జ్వరం తగ్గిందా అని అమ్మ బకెట్‌ను అడిగేది. ఒకరి ముఖం ఒకరు మాత్రం చూసుకోలేదు. మధ్యలో ఇంకో బతుకమ్మ, ఇంకో క్రిస్మస్ ఉత్తగానే పోయాయి.

మరుసటి వానాకాలం, సన్నని జల్లు పడి వెలిసిన ఒక పొద్దున, ఎండకు మార్చిన ఆ లిల్లీ పూసింది. నారింజ రేకుల మీద నీటిబొట్లు నిలిచి, పువ్వు లోపల దీపం ఉందా అనిపించింది. అమ్మ కాసేపు అలాగే చూసింది. అవతల పెద్దమ్మ సంచీ చంకకు తగిలించుకుని డ్యూటీకి బయలుదేరుతోంది. ఆమె తిరిగొచ్చేది దీపాలు పెట్టే వేళకే, అప్పటికి పువ్వు ఉండదు. అమ్మ కంచె దగ్గరికి ఉరికింది.

"అక్కా! ఓ అక్కా! జర ఆగు. పూసింది."

పెద్దమ్మ ఆగింది. కోడి వైపు చూడలేదు, నేరుగా కంచె సందు దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఎవరింటిదే గీ పువ్వు?"

"నీదే. దొంగతనం జేసిన."

"గందుకే బతికింది," అంది పెద్దమ్మ. నవ్వబోయి ఏడ్చేసింది. అమ్మ కంచె సందులోంచి చేయి చాపి ఆమె చేయి పట్టుకుంది. ఆనాడు పెద్దమ్మ డ్యూటీకి ఆలస్యంగా పోయింది.

ఇప్పుడు ఆ కంచె లేదు, గుంజ లేదు, చేతిపంపు లేదు. ఇళ్ల మధ్య మనిషెత్తు గోడలు లేచాయి. మొక్కను దొంగిలించేవాళ్లూ లేరు, చూడనట్టు ముఖం తిప్పుకునేవాళ్లూ లేరు. నర్సరీలో ఏ రంగు లిల్లీ కావాలన్నా నల్ల సంచుల్లో దొరుకుతుంది. నా తొట్లలోనే పసుపు, గులాబి, ముదురెరుపు ఉన్నాయి. ఈ పొద్దున ముదురెరుపుది మొదటిసారి పూసింది. ఫొటో తీసి గ్రూపులో పెడితే బొటనవేళ్లు చాలానే వచ్చాయి.

ఎరువు చేతులతోనే గోడ దగ్గరికి వెళ్లాను. అవతల ఎవరో బట్టలు ఆరేస్తున్న చప్పుడు, గాజుల చప్పుడు. పువ్వుకు ఇంకా సాయంత్రం దాకా టైముంది. పిలుద్దామని నోరు తెరిచాను. మూడేళ్లుగా పక్కనే ఉంటున్న ఆమె పేరు నాకు తెలియదు.