అయిపోయిన ఆటకి అదనపు భాగం

జనానికి బాగా నచ్చిన వీడియో గేమ్ ఒకటి ఉందనుకోండి. దాన్ని తయారుచేసినవాళ్లు అదే ఆటకి మరికొంత అతికించి ఇవ్వాలా, లేక దాన్ని అక్కడితో వదిలేసి రెండో భాగమంటూ కొత్త ఆట చెయ్యాలా? నా జీవితంలో నేను ఎక్కువ గంటలు వాదించింది ఈ విషయం మీదే. రాజకీయాల మీద కాదు, దేవుడి మీద కాదు, దీని మీద. ఇంత వాదించినవాడికి చివరికి ఒక అభిప్రాయమంటూ మిగలాలి కదా! నాకు మిగల్లేదు. ఒకప్పుడు ఉండేది. అతికించడమే న్యాయమని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో చెప్తాను, తీర్పు మీరే చెప్పండి.

రెండు వేల తొమ్మిదిలో నేను నారాయణగూడలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మా ఇల్లు చిక్కడపల్లి. మా తాతగారు ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కాలేజీ దగ్గర ఒక టైలర్ షాపు పైన పది కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ ఉండేది. అందరూ తుపాకులు పేల్చుకునే ఆటలు ఆడుతుంటే మేమిద్దరం మాత్రం కోటలు కట్టే ఆట ఆడేవాళ్లం. ఇద్దరమంటే నేనూ, నా క్లాసులో ఒక అమ్మాయీ. వాళ్లది అడిక్‌మెట్. నాలుగు తరాలుగా హైదరాబాద్‌లోనే ఉన్న కుటుంబం. వాళ్ల నాన్నకి కాచిగూడలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం.

ఆ ఆటలో మొదట నాలుగు గుడిసెల ఊరు ఇస్తారు. పంట పండించాలి, బావులు తవ్వాలి, గోడలు కట్టాలి, ఒక్కొక్కటిగా ఏడు కోటలు గెలవాలి. ఏడోది గెలిస్తే పట్టాభిషేకం, ఆట సమాప్తం. ఆమె మూడు వారాల్లో ముగించేసింది. పట్టాభిషేకం తర్వాత ఆట తయారుచేసినవాళ్ల పేర్లు తెర మీద వరసగా పైకి పోతుంటే, చెంపకి చెయ్యి ఆనించుకుని అన్నీ చదివి, లేచి చున్నీ సర్దుకుంది.

“అయిపోయింది. మస్తుండె,” అంది.

నేను ఏడో కోట చుట్టూ సైన్యాన్ని నిలబెట్టి రెండు నెలలుగా దాడి చెయ్యకుండా ఉన్నాను. రోజూ వెనక్కి మా ఊరికి వచ్చి కొత్త కాలువ తవ్వుకునేవాణ్ణి.

“ఏందిది? గెలిచేటి ఆట గెలవవేంది?”

“గెలిస్తే అయిపోతుంది కదా.”

“అయిపోవాలనే కద ఆడేది!”

అక్కడ మొదలైంది మా వాదన. మంచి ఆటకి ముగింపు ఉండాలని ఆమె అనేది. చేసినవాళ్లకి ఇంకా చెయ్యాలని ఉంటే కొత్త ఊరు, కొత్త కథతో రెండోది చెయ్యాలి గానీ పాతదానికే అతుకులు వెయ్యకూడదని ఆమె మాట. ఇన్నాళ్లు కష్టపడి కట్టుకున్న కోట గంగలో కలిసిపోతే ఎట్లా అని నా బాధ. చెరకు రసం బండి దగ్గర నిలబడి గ్లాసులు ఖాళీ అయినా వాదించుకునేవాళ్లం. లోకంలో మిగతావాళ్లు పాటలూ ఉత్తరాలూ పట్టుకుని ప్రేమలో పడతారట. మేం ఇలా పడ్డాం.

డిగ్రీ అయ్యాక నేను గ్రూప్స్ రాస్తానన్నాను. మా ఇంట్లో మగవాడు పుడితే సర్కారు కొలువు కోసమే పుట్టినట్టు లెక్క. ఆ రోజుల్లో నగరంలో రోజు మార్చి రోజు బంద్. మా ఇంట్లో చదివే పేపరు వాళ్లింట్లో చదివేవాళ్లు కాదు, వాళ్లు చూసే చానల్ మేం చూసేవాళ్లం కాదు. మా సంగతి చెప్తే రెండిళ్లలోనూ అగ్గి రాజుకోవడం ఖాయం. అందుకని నారాయణగూడ బస్‌స్టాప్‌లో ఆమె అరచెయ్యి చాపి ఒట్టెయ్యమంది. రెండు షరతులు. ఒకటి, ఈ ఆట ముగించేసి, పరీక్ష అయ్యేదాకా మరో ఆట ముట్టుకోకూడదు. రెండు, పరీక్ష ఒక్కసారే. వచ్చినా రాకపోయినా, ఫలితాల రోజున ఎవరింట్లో వాళ్లం చెప్పేసెయ్యాలి. నేను చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. ఆ సాయంత్రమే ఏడో కోట గెలిచాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

మూడు నెలలు తిరక్కుండానే ఆ ఆటకి అదనపు భాగం వచ్చింది. సముద్ర తీరం, ఓడలు, మరో ఐదు కోటలు. ముఖ్యమైన సంగతేమిటంటే, మన పాత ఊరితోనే కొనసాగవచ్చు.

అప్పటికి నేను అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాల్‌లో చేరాను. మూడో అంతస్తు, ప్లైవుడ్ గదులు, గది నిండా పరీక్షలకి చదివేవాళ్లు. అక్కడ మా అందరికంటే ఎక్కువసార్లు పరీక్ష రాసిన కరీంనగర్ సీనియర్ ఒకాయన ఉండేవాడు. నా సందేహం ఆయన ముందు పెట్టాను. మరో ఆట ముట్టనని ఒట్టేశాను, ఇప్పుడు ఈ అదనపు భాగం ఆడితే ఒట్టు తప్పినట్టా కాదా? ఆయన పాలిటీ పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాడు.

“తమ్మీ, ఇది సవరణ. సవరణ చేస్తే రాజ్యాంగం మారిపోతదా? గదే రాజ్యాంగం. నిమ్మలంగ ఆడుకో.”

పక్క గదిలోంచి ఇంకొకతను తల బయటికి పెట్టాడు. “మరి నలభై రెండో సవరణ సంగతేంది అన్నా? గంత మార్చిండ్రని దాన్ని మినీ రాజ్యాంగమే అన్నరు కద!”

ఎంత అతికిస్తే పాతది కొత్తదవుతుందన్న దాని మీద ఆ మధ్యాహ్నమంతా చర్చ జరిగింది. చివరికి ఊరు అదే, రాజు వాడే, ప్రజలు వాళ్లే కాబట్టి ఇది సవరణేనని తేల్చారు. నేను నెలరోజులు హాయిగా ఆడాను. తర్వాత ఆమెకి నేనే చెప్పేశాను, ఆర్టికల్ నంబర్లతో సహా. ఆమె పొలమారేదాకా నవ్వింది.

“నువ్వు వకీలయితే మంచిగుండు,” అంది.

ఆ నవ్వు చూసి నా తప్పు క్షమించేసిందనుకున్నాను. అంతటితో ఊరుకోకుండా, స్టడీ హాల్‌లో దొరికిన ఆ తీర్పుని నా బతుక్కి కూడా వాడుకోవడం మొదలుపెట్టాను.

మొదటిసారి ప్రిలిమ్స్ పాసయ్యాను. మెయిన్స్ రెండుసార్లు వాయిదా పడి, ఎట్టకేలకు రాశాక, జాబితాలో నా నంబరు లేదు. ఆ రోజే ఆమె ఫోన్ చేసింది.

“ఇయ్యాల చెప్దామా ఇంట్ల?”

ఇన్ని వాయిదాలు పడ్డాక దీన్ని ఒక అటెంప్ట్ అనడం అన్యాయమన్నాను. వచ్చే నోటిఫికేషన్ దీనికి కొనసాగింపేగానీ కొత్తది కాదన్నాను.

“సవరణనా?”

“అలాంటిదే.”

ఈసారి నవ్వలేదు. “సరే తియ్,” అంది. నాకు ఆ ‘సరే’ ఒక్కటే వినబడింది.

తర్వాత నోటిఫికేషన్లు రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని అశోక్‌నగర్ అంతా టీ బండ్ల దగ్గర ఎదురుచూసింది. ఆమె దోమలగూడలో ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఒకడు పొట్టి అని, ఒకడు మాట్లాడడని వంకలు పెట్టి తిప్పికొట్టేది. ఆదివారాలు కలిసినప్పుడు ఆ కథలు చెప్తే పడీపడీ నవ్వేవాణ్ణి. పాము చావకుండా కర్ర విరగకుండా బండి నడుస్తోంది కదా అని సంతోషం. ఆమెని మోసం చెయ్యాలని మాత్రం నేను ఏ రోజూ అనుకోలేదు. ఇంకొక్క గోడ, ఇంకొక్క కాలువ, ఆ తర్వాత పట్టాభిషేకం అనే నిజంగా నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండు వేల పదమూడులో మా ఆటకి అసలైన రెండో భాగం వచ్చింది. కొత్త ఊరు, కొత్త రాజు. పాత కోట ఇందులోకి రాదు. ఎంత గెలిచినవాడైనా ఖాళీ నేల మీద మొదలుపెట్టాల్సిందే. నాకు ఆ తయారీదార్ల మీద పిచ్చి కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఆడినవాళ్లకి ఇదా మర్యాద? మళ్లీ ఆలోచిస్తే వాళ్ల తప్పేమిటో తెలిసేది కాదు. అతుకులేస్తే ఆశపోతులంటాం, కొత్తది చేస్తే కృతఘ్నులంటాం, ఏదీ చెయ్యకపోతే బద్ధకస్థులంటాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆడేవాడికి ఏం కావాలో ఆడేవాడికే తెలియనప్పుడు చేసేవాడు ఏం చేస్తాడు?

ఆమె ఫోన్‌లో అడిగింది. “రెండోది వచ్చిందంట కద. ఆడినవా?”

“ఒట్టుంది కదా. అది వేరే ఆట.”

“ఒట్టు పక్కకు వెట్టు. ఆడాలనిపించలే?”

“పాత కోట రాదట అందులోకి.”

“పాతది ఇడిచిపెట్టి కొత్తది మొదలువెట్టేటోనివైతే ఎంత బాగుండు నువ్వు,” అంది.

నేను దానికి జవాబుగా, కొన్నవాళ్ల పట్ల తయారీదార్ల బాధ్యతల మీద పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. ఆమె అంతా విని, రేపు పిల్లలకి పరీక్ష పేపరు తయారుచెయ్యాలని ఫోన్ పెట్టేసింది.

రెండు వేల పధ్నాలుగులో రాష్ట్రం రెండయింది. ఇంకేం, ఇక నోటిఫికేషన్ల వానే అన్నారు. ఆ వర్షాకాలంలో ఒకరోజు పొద్దున పదకొండింటికి, ఎవరో నా కోసం వచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. కిందికి దిగితే తెల్ల చొక్కాతో, చేతిలో హెల్మెట్‌తో ఒక పెద్దాయన. ఫొటోలో చూసిన ముఖమే. ఆమె నాన్న.

“జర చాయ్ తాగుదాం, పా బాబు,” అన్నాడు.

ఆయన ఎందుకొచ్చాడో నాకు తెలుసనుకున్నాను. కొత్త రాష్ట్రం, మేం అటువాళ్లం, కూతురి జోలికి రావద్దని చెప్పడానికి తప్ప ఇంకెందుకొస్తాడు? నాలుగేళ్లుగా ఈ ఘట్టాన్ని మనసులో రిహార్సల్ చేసుకుంటున్నాను. పెద్దవాళ్లు నోరు తెరిచి కఠినంగా మాట్లాడే అవసరం రానివ్వకూడదని, ఆ మాట మనమే ముందు అనేసి వాళ్ల గౌరవం నిలబెట్టాలని మా ఇంట్లో నేర్పారు. టీ గ్లాసులు చేతికొచ్చాయి. చదువు ఎట్లా నడుస్తుందని మాత్రమే ఆయన అడిగాడు. నేను అందుకున్నాను.

“అంకుల్, మీరెందుకొచ్చారో నాకు తెలుసు. మీ నిర్ణయానికి నేను అడ్డం రాను. మీరు చూసుకునే సంబంధాలు నా వల్ల ఆగకూడదు. నాకు ఈ ఒక్క అటెంప్ట్ ముఖ్యం. ఇది అయ్యేదాకా నేను ఇంకేమీ ఆలోచించను.”

ఆయన గ్లాసు దించి నా వైపు తిరిగాడు.

“గంతేనా బాబు?”

“అంతే అంకుల్.”

టీ పూర్తిగా తాగాడు. తొందరపడలేదు. “సరే. మంచిగ సదువుకో,” అని నా భుజం తట్టి, స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకుంటూ మెట్లెక్కాను. గొడవ లేకుండా, గౌరవంగా, ఇంకో ఏడాది సంపాదించానని లోపల కాస్త గర్వం కూడా.

మూడున్నరకి, స్కూలు వదిలాక, ఆమె ఫోన్ చేసింది. నేను ఉత్సాహంగా అంతా చెప్పాను. అవతల వీధిలో పిల్లల గోల వినబడుతోంది.

“మా నాయిన ఒప్పుకున్నడు,” అంది. “ఎనిమిది నెలల సంది ఇంట్ల కొట్లాడుతున్న. నీ సదువు ఖరాబ్ అయితదని నీకు చెప్పలే. నిన్న రాత్రి ఒప్పుకున్నడు. మీ ఇంటికి ఎప్పుడు రావాలె అని నిన్నే అడుగుదామని వచ్చిండు.”

ఇప్పుడే వెళ్లి ఆయనతో మాట్లాడతాననీ, పొరబాటు పడ్డాననీ, ఇంకొక్క అవకాశం ఇప్పించమనీ ఏదేదో అన్నాను.

“నీ దగ్గరికెల్లి సీదా మా స్కూల్ కాడికొచ్చి నాతోని ఒక్కటే మాట చెప్పి పోయిండు. పిలగాడు మంచోడే గని, వానికి నీ అక్కర లేదు బిడ్డా అని. కాదు నాయినా, అక్కరనే అని చెప్దామని శానసేపు చూసిన. చెప్పనీకి రాలే.”

ఫోన్ పెట్టేసింది. అక్కణ్ణుంచి అడిక్‌మెట్‌కి నడిచినా అరగంట. ఆ క్షణమే వెళ్దామని చెప్పులేసుకుని మెట్ల దాకా వచ్చాను. ఐదింటికి పాలిటీ టెస్టు ఉంది. అది ఒక్కటీ రాసేసి వెళ్దామనుకున్నాను.