పదకొండో నంబరు సిస్టం

నా ఉద్యోగంలో చివరి మూడేళ్లు కడపలోని ఒక డిజైన్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా గడిచాయి. ఇది జరిగింది రిటైరవడానికి ముందు సంవత్సరం, మార్చి నెలలో. ఇన్‌చార్జి అంటే పాఠం చెప్పేవాడు కాదు. లెక్చరర్లకు కింద, అటెండర్లకు పైన ఉండే ఉద్యోగం. సిస్టములు నడవాలి, నియమాలు నడవాలి, అంతే. నియమాల విషయంలో నేను మొండివాణ్నని పిల్లలు చాటుగా అనుకునేవారు. నాకది బిరుదులా ఉండేది.

ల్యాబ్‌లో ప్రతి సిస్టముకూ తాళం లాంటి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. విద్యార్థులు ఏం ఎక్కించినా, ఏం మార్చినా, రీస్టార్ట్ చేయగానే తుడిచిపెట్టుకుపోయి మొదటి స్థితికి వచ్చేస్తుంది. దాచుకోవలసింది ఆ తుడిచివేత తగలని డి డ్రైవ్‌లోనే దాచుకోవాలి. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం నిషేధం.

ఉరుకుందమ్మ ఆఖరి ఏడాది విద్యార్థిని. ఆదోని పక్క పల్లె, పత్తి పండించే ఇల్లు. ఆ వారం ఆమెకు ఊపిరి సలపలేదు. మంగళవారం పోస్టరు, బుధవారం అట్టపెట్టె నమూనా ఇవ్వాలి. శనివారం జ్యూరీ, అంటే బయటినుంచి వచ్చే నిపుణుల ముందు ఏడాది పని పరచి చూపించే పరీక్ష. వాళ్ల వైపు అంగళ్ల బోర్డుల మీద తెలుగు, కన్నడ, ఉర్దూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ మూడింటికీ ఒకే పోలిక ఉన్న అక్షరాలు గీయడం ఆమె ప్రాజెక్టు. గట్టెక్కితే బెంగళూరులో అక్షరాల రూపకల్పన చేసే ఒక సంస్థలో చోటు ఖాయం. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది.

సోమవారం ఆమె పదకొండో నంబరు సిస్టంలో కొత్త బ్రౌజర్ ఒకటి ఎక్కించుకుంది. నేను మందలించబోయేలోగా తనే పిలిచింది.

"ఈడ చూడండి సార్. పోస్టరు పేజీలకొక రంగు, పెట్టె పేజీలకొక రంగు. ఒక పని చేస్తాంటే రెండోది కంటికే కనపడదు. తల శానా తేలిగ్గా ఉండాది."

పాత బ్రౌజర్ పది పేజీలు తెరిస్తేనే మూలిగేది. ఇందులో ఆమె రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో బోర్డు ఫొటో చూస్తూ రెండోదాంట్లో అక్షరాల తుది రూపం గీస్తోంది. నాకూ ముచ్చటేసింది. కుర్చీ లాక్కుని అరగంట కూర్చున్నాను. తీసెయ్యమని మాత్రం చెప్పలేదు. జ్యూరీ వారం కాబట్టి ల్యాబ్ రాత్రింబవళ్లు తెరిచే ఉండేది, సిస్టములు ఆపేవాళ్లం కాదు.

ఆమె గీస్తున్న పేజీకి లాగిన్ అక్కర్లేదు. గీసిందంతా ఆ బ్రౌజర్‌లోనే దాచి, 'సేవ్ అయింది' అని చూపిస్తుంది. ఆ పిల్ల దాన్ని నమ్మింది. రీస్టార్ట్ చేస్తే బ్రౌజర్‌తో పాటు అదీ పోతుందని తెలియవలసింది నాకు. నేను చూసుకోలేదు.

గురువారం ప్రింటర్ మొరాయించింది. అలాంటప్పుడు అన్ని సిస్టములనూ రీస్టార్ట్ చేయడం పద్ధతి. ఆమె భోజనానికి వెళ్లింది. ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉంటాయిలే అని పదకొండోదాన్నీ చేసేశాను.

తిరిగొచ్చి ఆ బ్రౌజర్ కోసం తెరంతా వెతికింది. "నా అక్షరాలు యాడికి పోయినాయి సార్?" అంది. తిరిగి రావని చెప్పాను. ఏడవలేదు. "మీరు చూసినారు గదా సార్, నేను గీస్తాండేది," అని మాత్రం అంది.

శనివారానికి కాగితం మీద తెలుగు అక్షరాలు మాత్రమే మళ్లీ గీయగలిగింది. మిగతా పని నిజంగా జరిగిందా అని జ్యూరీ ల్యాబ్ నుంచి నివేదిక అడిగింది. మూడు వాక్యాలు రాశాను. విద్యార్థిని అనుమతి లేని ప్రోగ్రాము ఎక్కించింది. పనిని డి డ్రైవ్‌లో దాచలేదు. పద్ధతి ప్రకారం రీస్టార్ట్ చేయడంతో అది పోయింది. ఎక్కించడం చూసి ఊరుకున్నానని రాయలేదు. ఆ అక్షరాలు కళ్లారా చూశాననీ రాయలేదు. రిటైర్మెంటు ముందు సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుందని భయపడ్డాను.

ఫలితం అసంపూర్ణం అని వచ్చింది. బెంగళూరు చోటు పోయింది. మరుసటి ఏడాది ఆమె పాసైంది. ఇప్పుడు కర్నూలులో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ అంగట్లో, పుట్టినరోజు బ్యానర్లలో ముఖాలు అతికిస్తోంది.

పాసై కళాశాల వదిలేటప్పుడు, ల్యాబ్‌కు బాకీలేవీ లేవన్న కాగితం మీద నా సంతకానికి వచ్చింది; ఆ నివేదిక మాట నేనే ఎత్తాను. "మీరు రాసిందంతా నిజమే గదా సార్. మిమ్మల్ని ఏమనేది?" అంది. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది.

నివేదికలు రాసే ఉద్యోగాల్లో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎదుటివారి తప్పు రాసిన కాగితం మీదే మనం చూసిందీ, మనం చేసిందీ రాయాలి. నేను రాయలేదు.